ఊళ్లో వాళ్లకు ఆత్మహత్యల నివారణ శిక్షణ: రెండో విడతకు ఎవర్ని పిలవాలి?

కొండపి వీఓఏ · సోమవారం రాత్రి

అందరికీ నమస్కారం. నేను పొదుపు సంఘాల పని చూసే వీఓఏని, అంటే గ్రామ సంఘం సహాయకురాలిని. మా మండలంలో పొదుపు సంఘాల లీడర్లకు, ఆశా వర్కర్లకు పోయిన వారం ఒక పూట శిక్షణ పెట్టారు. బతుకు మీద ఆశ పోయిన మనిషిని ఎట్లా గుర్తుపట్టాలి, ఎట్లా అడగాలి, ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలి అనేది విషయం. క్యూపీఆర్ అనే పద్ధతి అంట. పాల్ క్విన్నెట్ అనే అమెరికా సైకాలజిస్టు 1995లో తయారుచేశాడు. మూడే మెట్లు: అడగాలి (క్వశ్చన్), సాయం తీసుకునేలా ఒప్పించాలి (పర్సుయేడ్), ఆ సాయం దగ్గరికి చేర్చాలి (రెఫర్). చెప్పిన మేడమ్ ఓపిగ్గా చెప్పారు, ఒకరితో ఒకరం మాట్లాడుకున్నట్టు చేయించారు కూడా.

నా బాధల్లా ఒకటే. హాల్లో ఉన్నవాళ్లం అందరం ఆడవాళ్లమే. 2022లో దేశం మొత్తం మీద 1,70,924 మంది ఆత్మహత్య చేసుకుంటే అందులో నూటికి 72 మంది దాకా మగవాళ్లని అదే శిక్షణలో చెప్పారు. ఆ మగవాళ్లు సంఘం మీటింగుకు రారు, ఆశా వర్కరుతో కూర్చుని మాట్లాడరు. మరి వాళ్లను చూసేదెవరు? రెండో విడత పెడతామంటున్నారు. ఏ పని చేసేవాళ్లను పిలవాలో లిస్టు రాసి ఇమ్మన్నారు. మీ ఊళ్లో అయితే ఎవర్ని పిలుస్తారు?

నిర్వాహకుడు · సోమవారం రాత్రి

మంచి చర్చ, పైన పిన్ చేస్తున్నా. ఒక్క షరతు. ఫలానా ఊళ్లో ఫలానా వాళ్లు ఎలా చనిపోయారో వివరాలు రాయకండి. రాస్తే తీసేస్తాను. ఇది చదువుతున్న వాళ్లలో ఎవరికైనా మనసు బాగాలేకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్, 24 గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

చీమకుర్తి చిన్నోడు · సోమవారం రాత్రి

అక్కా, కోపం తెచ్చుకోకు. అప్పులోడు గడప మీద కూర్చుంటే నీ మూడు మెట్లు ఏం చేస్తాయి? ఒక పూట శిక్షణ, ఒక సర్టిఫికెట్, ఒక గ్రూప్ ఫోటో. పొగాకుకు గిట్టుబాటు ధర ఇప్పించండి, ఆత్మహత్యలు వాటంతట అవే ఆగుతాయి.

బ్యారన్ బాబాయ్, టంగుటూరు · మంగళవారం ఉదయం

చిన్నోడా, ధర గురించి నువ్వన్నది నిజమే. 2015లో రేట్లు పడిపోయినప్పుడు మన జిల్లా ఏం చూసిందో మా వయసు వాళ్లకు చెప్పక్కర్లేదు. 2025లో నల్లబర్లీ పొగాకు కొనే దిక్కులేక ప్రభుత్వ కొనుగోలు సంస్థ మార్క్‌ఫెడ్ దిగాల్సి వచ్చింది. కానీ ధర వచ్చేదాకా మనిషి ఉండాలిగా.

నేను గమనించింది చెప్తా. పొగాకు వేలం నడిచినన్నాళ్లు రైతుకు ఆశ ఉంటుంది. ఈ వారం ఎవరూ పాడక నోబిడ్ అయిన బేలు వచ్చే వారం పోతుందేమో అనుకుంటాడు. వేలం ముగిసి లెక్క తేలాక, కౌలు, బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) అద్దె, బొగ్గు, కూలి, వడ్డీ అన్నీ కాగితం మీద పెట్టుకున్నాక ఇంట్లోంచి బయటికి రావడం మానేస్తాడు. అప్పటిదాకా రోజూ టీ కొట్టు కాడ కూర్చునేవాడు కనపడడు. పొలం కాగితాలు ఎక్కడున్నాయో పెళ్లానికి ఉన్నట్టుండి చెప్పడం, ఎవరికో బాకీ ఉన్న రెండు వేలు పిలిచి మరీ ఇచ్చేయడం, ఎడ్లు అమ్మేయడం. ఇవి చూసేదెవరు? బ్యారన్‌లో ఆకు కాల్చే మనిషి. బేళ్లు తోలే ట్రాక్టర్ డ్రైవరు. వేలం కేంద్రం బయట టీ కొట్టాయన. నా లిస్టులో ముందు వీళ్లే.

ఇంకో మాట. కూలోళ్లను మర్చిపోతున్నాం. రైతు ఆత్మహత్య అంటే పేపర్లో వస్తుంది, కూలి మనిషిది రాదు.

ఏఎన్ఎం, ఉలవపాడు · మంగళవారం మధ్యాహ్నం

బాబాయ్ గారి ఆఖరి మాటకు లెక్క కూడా ఉంది. 2022లో వ్యవసాయ రంగంలో చనిపోయిన 11,290 మందిలో సాగుదార్లు 5,207, వ్యవసాయ కూలీలు 6,083. కూలీలే ఎక్కువ. కాబట్టి కూలి మేస్త్రీలను పిలవాల్సిందే. పది ఇరవై మందిని ఆటో ఎక్కించి తీసుకెళ్లే మేస్త్రీకి ఎవరు పనికి రావడం మానేశారో, ఎవరు ఎక్కువ తాగుతున్నారో ముందు తెలుస్తుంది.

చిన్నోడు గారూ, శిక్షణ మీద మీ అనుమానం నాకూ ఉండేది. ఒక పూటతో ఏమీ కాదు, ఒప్పుకుంటా. కానీ మామూలు మనుషులతో పనవుతుందని చూపించిన చోట్లు ఉన్నాయి. పశ్చిమ గోదావరి పల్లెల్లో స్మార్ట్ మెంటల్ హెల్త్ అనే ప్రాజెక్టులో ఆశా వర్కర్లే ఇంటింటికీ వెళ్లి, ట్యాబ్‌లో ఉన్న ప్రశ్నలు అడిగి, అవసరమైన వాళ్లను పీహెచ్‌సీ డాక్టరుకు పంపారు. విదర్భలో అమరావతి జిల్లాలో 30 ఊళ్లలో విశ్రామ్ అనే కార్యక్రమం నడిచింది. ఊరివాళ్లకే శిక్షణ ఇచ్చారు, తర్వాత సర్వే చేస్తే చనిపోవాలనే ఆలోచనలు తగ్గాయి. రెండు చోట్లా వెనకాల డాక్టరు ఉన్నాడు, నెలల తరబడి పర్యవేక్షణ ఉంది. మనకు లేనిది అదే.

అడగడం గురించి అందరికీ ఒకటే భయం. "చచ్చిపోవాలని అనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా?" కాదు. దీని మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2014లో ఒక సమీక్ష వచ్చింది. అడగడం వల్ల ఆ ఆలోచన పెరిగినట్టు ఎక్కడా తేలలేదు, కొందరికి బరువు దిగినట్టే ఉంది. అయితే అడిగే తీరు ఉంది. "పిచ్చి పిచ్చి ఆలోచనలేం పెట్టుకోవుగా?" అని అడిగితే ఎవరైనా "లేదు" అనే అంటారు. ఆ జవాబే కావాలని మనం అడిగినట్టు వాళ్లకు తెలిసిపోతుంది. పక్కన ఎవరూ లేనప్పుడు, కూర్చుని, సూటిగా అడగాలి. అవునంటే కంగారు పడకుండా వినాలి. "నీ పిల్లల మొహం చూడు", "నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా" లాంటివి అనకూడదు. ఆ మనిషి అప్పటికే తప్పు చేస్తున్నానని కుమిలిపోతూ ఉంటాడు, ఇంకాస్త కలిపినట్టు అవుతుంది.

ఎట్లా, ఎప్పుడు అని కూడా ఆలోచించి పెట్టుకున్నారని తెలిస్తే ఒంటరిగా వదలకూడదు. 14416కి వాళ్ల పక్కనే కూర్చుని ఫోన్ కలపండి. ఆ రోజే ఆస్పత్రి. ఒంగోలులో, నెల్లూరులో సర్వజన ఆస్పత్రుల్లో మానసిక విభాగం ఉంది.

చీమకుర్తి చిన్నోడు · మంగళవారం సాయంత్రం

వివరంగా రాశారు మేడమ్. సరే, ఇంకో అనుమానం. మా ఊళ్లో సంఘం లీడరుకు విషయం చెప్పడం అంటే మైకులో చెప్పినట్టే. ఫలానా వాడు ఇట్లా అనుకుంటున్నాడంట అని సాయంత్రానికి ఊరంతా గుప్పుమంటుంది. పెళ్లి కావాల్సిన కుర్రాడైతే ఇక అంతే.

కొండపి వీఓఏ · మంగళవారం రాత్రి

తమ్ముడూ, లీడర్లందర్నీ ఒకే గాటన కట్టొద్దు. కానీ నువ్వు చెప్పిన భయం ఉంది, మా శిక్షణలో దాని మీదే ఎక్కువసేపు గొడవ పడ్డాం. మేడమ్ చెప్పింది ఇది. "ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి" అని ఆ మనిషి అడిగితే వెయ్యకూడదు. "నువ్వు బతకడానికి ఎవరికి చెప్పాలో వాళ్లకే చెప్తాను, ఎవరికి చెప్పబోతున్నానో ముందు నీకు చెప్తాను" అనాలి. పేరు రాసుకునే రిజిస్టరు పెట్టొద్దని మేమే పట్టుబట్టాం. పై ఆఫీసుకు ఎంతమంది అని అంకె చాలు. ఇది నా అభిప్రాయం, ఏఎన్ఎం అక్క ఒప్పుకోకపోవచ్చు.

ఏఎన్ఎం, ఉలవపాడు · మంగళవారం రాత్రి

ఒప్పుకోను. పేరు లేకపోతే రెండో వారం మళ్లీ వెళ్లేదెవరు? ఆ పుస్తకం నా బీరువాలో ఉంటుంది, సచివాలయం బల్ల మీద కాదు.

మందుల కొట్టు, పొదిలి · బుధవారం ఉదయం

నేను పురుగుమందుల డీలరును. ఇక్కడ మా గురించి ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెప్తున్నా. ఏ మనిషి ఏ పంటకు ఏ నెలలో ఏం కొంటాడో మాకు తెలుసు. పొలం లేని మనిషి వచ్చినా, పైరు లేని రోజుల్లో వచ్చినా, మనిషి తీరు తేడాగా ఉన్నా కౌంటర్ దగ్గరే అర్థమవుతుంది. "ఏ పైరుకు? ఏం పురుగు?" అని అడిగితే సగం బయటపడుతుంది. అనుమానం వస్తే మందు ఇవ్వను, కూర్చోబెట్టి ఇంటికి ఫోన్ చేయిస్తాను. కొట్లో పనిచేసే కుర్రాళ్లకు మాత్రం ఇది ఎవరూ నేర్పరు. హైదరాబాద్‌లో మేనేజ్ అనే వ్యవసాయ శిక్షణ సంస్థ వాళ్ల 'దేశీ' (డీఏఈఎస్ఐ) డిప్లొమా అని మా డీలర్లకు ఏడాది కోర్సు ఉంది. అందులో ఒక్క క్లాసు దీనికి పెడితే జిల్లా అంతా వచ్చేస్తుంది.

శిక్షణల్లో ప్రతిసారీ "మందు డబ్బాలు పెట్టెలో పెట్టి తాళం వేయండి" అని చెప్పి వదిలేస్తారు. దాని మీద నాకో ఫిర్యాదు ఉంది. శ్రీలంకలో 180 ఊళ్లలో ఇంటింటికీ తాళం పెట్టెలు ఇచ్చి చూశారు. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితం వచ్చింది, తేడా ఏమీ కనపడలేదు. తాళంచెవి ఇంట్లోనే ఉంటుందిగా! అదే దేశంలో బాగా ప్రమాదకరమైన మందులను ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ పోతే 1995 తర్వాత ఆత్మహత్యల రేటు మూడింట రెండు వంతులకు పైగా తగ్గింది. మన దగ్గర కూడా 2018లో 18 మందుల మీద నిషేధం ఆర్డరు ఇచ్చారు. నా వ్యాపారానికి నష్టమే, అయినా నిషేధం వైపే ఓటేస్తాను. తమిళనాడులో ఆత్మహత్యల నివారణకు పనిచేసే చెన్నై స్నేహ సంస్థ వాళ్లు వేరే దారి పట్టారు. ఊరికి ఒక ఉమ్మడి గది, అందులో రైతుకో లాకరు, చూసుకోవడానికి ఒక మనిషి. మందు ఇంట్లోనే ఉండదు. మన రైతు సేవా కేంద్రాల్లో ఒక గది దీనికి ఇవ్వొచ్చు కదా?

బ్యారన్ బాబాయ్, టంగుటూరు · బుధవారం ఉదయం

ఉమ్మడి గది మాటకు మావాళ్లు ఒప్పుకోరయ్యా. తెల్లారుజామున మందు కొట్టాలంటే ఆ తాళం మనిషి నిద్ర లేవాలి. కావాలంటే కొనేటప్పుడే సరిపడా కొనమని చెప్పు. మిగిలిన డబ్బా ఇంటికి తేవడమే అసలు తంటా.

రొయ్యల గుంట, విడవలూరు · బుధవారం మధ్యాహ్నం

ఏంది సామీ, అంతా పొగాకు మీదే మాట్లాడుతున్నారు. నెల్లూరు వైపు రండి. వనామీ రొయ్యకు తెల్లమచ్చ రోగం వస్తే తెల్లారేసరికి గుంట పోతుంది. మేత అరువు, కరెంటు బిల్లు, లీజు మాత్రం పోవు. రైతు రాత్రిళ్లు గుంట కాడ షెడ్డులోనే పడుకుంటాడు, ఒంటరిగా. ఇంటి వాళ్లకు కూడా వారానికోసారి కనపడతాడు. వీఓఏ అక్క లిస్టులో రాయాల్సింది మేత డీలరు దగ్గర పనిచేసే కుర్రాళ్లు, నీళ్లు టెస్ట్ చేసే ల్యాబ్ వాళ్లు, గుంట కాపలా మనుషులు. నీళ్ల రిపోర్టు చేతిలో పెట్టి "గుంట పోయినట్టే అన్నా" అని చెప్పేది ల్యాబ్ కుర్రాడే. ఆ ముక్క చెప్పి బైకెక్కి వెళ్లిపోతాడు. ఆ తర్వాత ఐదు నిమిషాలు నిలబడి ఏం మాట్లాడాలో అతనికి నేర్పితే చాలు.

నెల్లూరు నల్లకోటు · బుధవారం రాత్రి

వృత్తి అలవాటు కొద్దీ చట్టం గురించి రాస్తాను, ఎందుకంటే దీని వల్ల ప్రాణాలు పోతున్నాయి. ప్రయత్నం చేసిన మనిషిని పెద్దాసుపత్రికి తీసుకెళితే పోలీసు కేసవుతుందని భయపడి ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరే గంటలు గడుపుతారు. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2017, సెక్షన్ 115 ప్రకారం వేరుగా రుజువైతే తప్ప అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, విచారించి శిక్షించకూడదు. ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత ఐపీసీ 309 సెక్షన్ 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేనే లేదు. అధికారిని పని చేయనీయకుండా అడ్డుకోవడానికి లేదా బలవంతపెట్టడానికి ఆత్మహత్యాయత్నం చేస్తే మాత్రం 226 కింద నేరం. ఆస్పత్రిలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాస్తారు, పోలీసు వచ్చి వాంగ్మూలం తీసుకుంటాడు. అది మనిషిని జైలుకు పంపడానికి కాదు. ఇంత చెప్పినా స్టేషన్ గుమ్మం దగ్గర కానిస్టేబుల్‌కు ఇది తెలిసి ఉండాలిగా. నా లిస్టులో మొదటి పేరు మహిళా పోలీసు, రెండోది ఆర్ఎంపీ.

ఏఎన్ఎం, ఉలవపాడు · బుధవారం రాత్రి

ఆర్ఎంపీలను పిలవడానికి రెండు చేతులా ఓటు. వాళ్లకు నేర్పాల్సింది కూడా తక్కువే. పురుగుమందు తాగిన మనిషికి ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించొద్దు, సెలైన్ పెట్టి కూర్చోబెట్టొద్దు, వెంటనే 108. మందు డబ్బా దొరికితే ఆస్పత్రికి వెంట పంపాలి.

కావలి మాస్టారు · గురువారం ఉదయం

ఇంటర్ ఫలితాల రోజుల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఏప్రిల్ వచ్చిందంటే మాకు టెన్షన్. 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. మన రాష్ట్రంలో, విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉన్న అమ్మాయి మరణం మీద తండ్రి వేసిన కేసు అది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కౌన్సిలర్ ఉండాలని, బోధన, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు ఈ శిక్షణ ఇవ్వాలని చెప్పింది. బోధనేతర సిబ్బంది అన్న చోట నా చూపు ఆగింది. హాస్టల్లో పిల్ల అన్నం మానేస్తే ముందు తెలిసేది వంటావిడకు. రాత్రి ఏడుస్తుంటే తెలిసేది ఆయాకు. ప్రిన్సిపాలుకు తెలిసేది ఆఖర్న.

ఒక కార్పొరేట్ కాలేజీలో ఈ శిక్షణ పెట్టమని అడిగితే "అలాంటి శిక్షణ పెడితే మా దగ్గర ఏదో జరుగుతోందని పేరెంట్స్ అనుకుంటారు" అన్నారు. ఇక మీరే ఆలోచించండి.

పేరు వద్దు · గురువారం రాత్రి

నేను ఆ దారిలో వెళ్లి తిరిగొచ్చినవాణ్ణి. ఎక్కువ రాయను. ఆస్పత్రి నుంచి వచ్చాక మొదటి వారం ఇంటి నిండా జనం. అందరూ సలహాలే. తర్వాత ఎవరూ రాలేదు, రోడ్డు మీద కనపడితే పక్కకు తప్పుకునేవాళ్లు. నిజంగా కష్టమైన రోజులు అవి. నాకు పనికొచ్చింది ఒక ట్రాక్టర్ డ్రైవరు. బ్యాంకుకు వెళ్లాలి రా అని బండెక్కించుకున్నాడు, వన్ టైమ్ సెటిల్మెంట్ గురించి మేనేజరుతో మాట్లాడేటప్పుడు పక్కన నిలబడ్డాడు, వచ్చే దారిలో "మళ్లీ ఆ ఆలోచన వస్తోందా" అని అడిగాడు. వస్తోందన్నాను. అయితే రేపు కూడా వస్తా అన్నాడు. వచ్చాడు. మాత్రలు ఇప్పటికీ వాడుతున్నా.

మీ శిక్షణలో మనిషిని ఆస్పత్రికి చేర్చే దాకా చెప్తున్నారు. తిరిగొచ్చాక ఏం చేయాలో కూడా చెప్పండి.

కొండపి వీఓఏ · గురువారం రాత్రి

అన్నా, మీరు రాసినందుకు దండం. ఆ భాగం మా శిక్షణలో లేదు. రేపు ఆ మేడమ్‌కు ఫోన్ చేసి చెప్తాను.

చీమకుర్తి చిన్నోడు · శుక్రవారం ఉదయం

పేరు వద్దు అన్నా, మీరు రాసింది చదివాక ఒప్పుకుంటున్నా. కానీ చూడండి, ఆ డ్రైవరన్న మాటతో ఆగలేదు, బ్యాంకు దాకా వచ్చాడు. నేను మొదటి నుంచీ అనేది అదే. శిక్షణలో అప్పు పాఠం కూడా పెట్టండి. కౌలు రైతుకు సీసీఆర్‌సీ (సాగు హక్కు) కార్డు ఎట్లా, సెటిల్మెంట్ ఎట్లా, ప్రైవేటు వడ్డీ వాడు ఇంటికొచ్చి తిడితే ఎవరికి చెప్పాలి. ఇంకోటి, వారం వారం కిస్తీ వసూలు చేసే మైక్రోఫైనాన్స్ కుర్రాళ్లను కూడా పిలవండి.

బ్యారన్ బాబాయ్, టంగుటూరు · శుక్రవారం ఉదయం

వాళ్లనా? మనిషిని ఆ గతికి తెచ్చేవాణ్ణే పిలిచి గుర్తుపట్టడం నేర్పుతారా? 2010లో మన రాష్ట్రంలో వాళ్ల మీద ఆర్డినెన్స్ ఎందుకొచ్చిందో మర్చిపోయారా?

నెల్లూరు నల్లకోటు · శుక్రవారం మధ్యాహ్నం

బాబాయ్ గారి కోపం న్యాయమైందే. అయినా చిన్నోడి వైపే ఉంటాను. వసూలు చేసే కుర్రాడు కూడా నెల జీతగాడే, టార్గెట్ కింద నలిగేవాడే. వారం వారం గుమ్మం తొక్కేది అతనే, ఆ ఇంట్లో ఏం జరుగుతోందో మన అందరికంటే అతనికే తెలుసు. పిలిచి ఈ విషయం నేర్పుతూనే, రిజర్వ్ బ్యాంకు 2022 నిబంధనలు కూడా ముందు పెట్టండి. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదు, అసభ్యంగా మాట్లాడకూడదు, బంధువుల్ని వేధించకూడదు. ఉచిత న్యాయ సహాయానికి 15100. నెల్లూరులో, ఒంగోలులో న్యాయసేవాధికార సంస్థలు ఉన్నాయి, అప్పు పాఠం చెప్పడానికి అక్కడి నుంచి ఒకర్ని పంపమని అడగండి.

కొండపి వీఓఏ · శుక్రవారం రాత్రి

లిస్టు రాసేశాను. ట్రాక్టర్ డ్రైవర్లు, బ్యారన్ మనుషులు, కూలి మేస్త్రీలు, వేలం కేంద్రం దగ్గర టీ కొట్ల వాళ్లు, పురుగుమందుల కొట్ల కుర్రాళ్లు, ఆర్ఎంపీలు, మహిళా పోలీసు, హాస్టల్ వంటవాళ్లు. కిస్తీ కుర్రాళ్ల పేరు పెన్సిల్‌తో రాశాను బాబాయ్, మీరు మేడమ్ ముందు కొట్టేయించుకోండి. విడవలూరు అన్నా, ల్యాబ్ వాళ్లు మా మండలంలో లేరు, మీ వైపు మీరు అడగండి. ఎంపీడీఓ ఆఫీసులో పొద్దున పెడితే వీళ్లలో ఒక్కరూ రారు, కూలి పోతుంది. అందుకే వేలం కేంద్రం షెడ్డులోనే పెట్టమని అడుగుతున్నా. ఏ రోజు, ఏ టైము బాగుంటుంది?

మందుల కొట్టు, పొదిలి · శుక్రవారం రాత్రి

మా వాళ్లకు ఆదివారం మధ్యాహ్నం అయితే వీలవుతుంది, కొట్లు ఒంటిగంటకు కట్టేస్తారు. మా కుర్రాళ్లను నేను తీసుకొస్తా. పొదిలి నుంచి వచ్చినా రానిస్తారా అమ్మా?

కొండపి వీఓఏ · శుక్రవారం రాత్రి

రండి అన్నా. ఎంతమందో ముందు చెప్పండి, భోజనాలకు చెప్పాలి.